షెట్లాండ్ దీవుల్లో ఒక హత్య: ‘రేవెన్ బ్లాక్’ నవల గురించి

డిటెక్టివ్ నవలలంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. ఇంట్లో పెద్దవాళ్ళ కంట పడకుండా లెక్కల పుస్తకంలో దాచుకుని కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు నవలలు చదివిన తరం మాది. ఈ దేశం వచ్చాక ఆ పిచ్చి ఇంగ్లీషులోకి మారింది, అంతే తేడా. మిత్రులెవరైనా “మంచి క్రైమ్ నవల ఒకటి చెప్పండి” అని అడిగితే నేను చెప్పే పేరు ఆన్ క్లీవ్స్ రాసిన ‘రేవెన్ బ్లాక్’. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మన పత్రికలో ఒకసారి రాసేస్తే ఓ పని అయిపోతుందని ఈ వ్యాసం. నవల సంగతి, ఆ దీవుల సంగతి, రచయిత్రి సంగతి, దేని తరువాత ఏది చదవాలో, అన్నీ ఇందులోనే పెడుతున్నాను. హత్య చేసింది ఎవరో మాత్రం చెప్పను, నిర్భయంగా చదవండి.

ముందు ఆ దీవులు ఎక్కడున్నాయో చూద్దాం

షెట్లాండ్ అంటే బ్రిటన్‌కి ఉత్తరపు కొసన ఉన్న దీవుల గుంపు. చిన్నా పెద్దా కలిపి దాదాపు 100 దీవులు, మనుషులు ఉండేవి ఓ 16. మొత్తం జనాభా 23 వేలకి అటూ ఇటూ, అంటే మన వైపు ఒక మాదిరి మండలం కన్నా తక్కువ. ముఖ్యపట్టణం లెర్విక్‌లో 7 వేల మంది ఉంటారు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం ఈ దీవుల మీదుగా పోతుంది. లెర్విక్ నుంచి కొలిస్తే స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరో కన్నా నార్వేలోని బెర్గెన్ ఊరే దగ్గర. అసలివి నార్వే దీవులే. 1469లో డెన్మార్క్, నార్వేల రాజు తన కూతురిని స్కాట్లండు రాజుకి ఇచ్చి పెళ్ళి చేస్తూ, కట్నం డబ్బు చేతిలో లేక ఈ దీవులని తాకట్టు పెట్టాడు. తాకట్టు విడిపించలేదు, దీవులు స్కాట్లండువి అయిపోయాయి. కట్నం కథలు మనకే సొంతం అనుకుంటాం గానీ, దేశపటాన్నే మార్చేసిన కట్నం ఇది. ఊళ్ళ పేర్లలో ఆ నార్వే భాష ఇప్పటికీ మిగిలి ఉంది. పేరు చివర ‘విక్’ అని వస్తే సముద్రపు కయ్య ఉన్న ఊరు అని అర్థం.

చాలా ఏళ్ళపాటు బ్రిటన్ మ్యాపుల్లో షెట్లాండ్‌ని చోటు చాలక ఓ మూల చతురస్రం గీసి అందులో పెట్టేవాళ్ళు. అక్కడివాళ్ళకి అది ఎంత కష్టం అనిపించిందంటే, చివరికి 2018లో స్కాట్లండు చేసిన దీవుల చట్టంలో, ప్రభుత్వ సంస్థలు తమ మ్యాపుల్లో షెట్లాండ్‌ని దాని అసలు స్థానంలోనే చూపించాలని ఒక నిబంధన పెట్టించుకున్నారు.

నేను అబర్డీన్‌లో చమురు రంగంలో పని చేసే రోజుల్లో ఒక జనవరిలో మూడు వారాలు అక్కడ పని పడింది. 1978 నుంచి ఉత్తర సముద్రపు చమురు దిగే సల్లమ్ వో టెర్మినల్ అక్కడే ఉంది. అబర్డీన్ నుంచి రాత్రి ఓడ ఎక్కితే మర్నాడు పొద్దున లెర్విక్, పన్నెండు గంటల పైచిలుకు ప్రయాణం. సముద్రం బాగుంటే సరే, లేకపోతే కడుపులో పేగులన్నీ లెక్కపెట్టుకోవచ్చు. అందుకని వచ్చేటప్పుడు విమానంలో వచ్చాను. సంబరా విమానాశ్రయంలో రోడ్డు రన్‌వేని దాటుకుంటూ పోతుంది! మన రైల్వే గేటు లాగే గేటు వేసి కార్లని ఆపేస్తారు, విమానం వెళ్ళాక తీస్తారు. గేటు దగ్గర ఆగిన కార్లలో వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చేతులు ఊపుకుంటూంటే “అందరూ తెలిసినవాళ్ళేనా?” అని మా డ్రైవర్ని అడిగాను. “తెలియనివాళ్ళు మీరొక్కరే” అన్నాడు నవ్వుతూ.

డిసెంబరు చివర్లో అక్కడ పగలు ఆరు గంటలు కూడా ఉండదు. తొమ్మిది దాటాక తెల్లవారి మధ్యాహ్నం మూడింటికి చీకటి పడిపోతుంది. చెట్లు దాదాపు లేవు. కనుచూపు మేర బోసి కొండలు, గొర్రెలు, పీట్ నేలలు. పీట్ అంటే వేల ఏళ్ళుగా నీళ్ళలో నానిన నాచు, గడ్డి పేరుకుపోయి ఏర్పడ్డ నల్లటి మన్ను. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మనం పిడకలు వాడినట్టు పొయ్యిలో వాడతారు. ఆ మట్టిలో పడింది ఏదైనా ఏళ్ళ తరబడి చెడిపోకుండా ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నవలలో అవసరం పడుతుంది. చెట్లు లేకపోవడం కూడా అంతే. ఎవరింటికి ఎవరొచ్చారో, ఏ కారు ఎప్పుడు ఏ మలుపు తిరిగిందో అర మైలు దూరం నుంచి కనిపిస్తుంది. దాక్కోవడానికి చోటు లేని ఊళ్ళో హత్య జరిగితే ఎలా ఉంటుందన్నదే ఈ నవల.

వంటమనిషిగా వెళ్ళిన రచయిత్రి

ఆన్ క్లీవ్స్ 1954లో పుట్టింది, ఇంగ్లండు మనిషి. యూనివర్సిటీ చదువు మధ్యలో మానేసి, 1970లలో షెట్లాండ్‌కి దక్షిణంగా సముద్రం మధ్యలో విసిరేసినట్టుండే ఫెయిర్ ఐల్ అనే దీవిలో పక్షి పరిశీలన కేంద్రానికి వంటమనిషిగా వెళ్ళింది. వంట పెద్దగా రాదట, పక్షుల గురించీ తెలియదట! అయినా ఉండిపోయింది. పక్షులని చూడటానికి అక్కడికి వచ్చిన అతన్నే పెళ్ళి చేసుకుంది. మొదటి నవల 1986లో వచ్చింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు, దాదాపు ఏడాదికొకటి చొప్పున, పెద్దగా పేరూ డబ్బూ లేకుండా రాస్తూనే పోయింది. మధ్యలో గ్రంథాలయాల్లో ఉద్యోగం.

ఒక చలికాలం ఆమె భర్తతో షెట్లాండ్ వెళ్ళినప్పుడు, గడ్డకట్టిన నీళ్ళ మీద, తెల్లటి మంచులో నల్లటి రేవెన్ పక్షులు కనిపించాయి. దీనికి తోడు ఎర్రటి నెత్తురు కూడా ఉంటే జానపద కథలా ఉంటుంది కదా అనిపించిందట. ‘రేవెన్ బ్లాక్’ పుట్టింది అలా. రేవెన్ అంటే మన ఊరకాకి కాదు, బొంతకాకి కన్నా కూడా పెద్ద పక్షి, గొంతు బొంగురు. మనం పిండం పెట్టి కాకి కోసం చూస్తాం, అది మనకి పితృదేవత. ఉత్తరాది పురాణాల్లో రేవెన్లు ఓడిన్ దేవుడి వేగులు, లోకమంతా తిరిగి వచ్చి ఆయన చెవిలో కబుర్లు చెప్తాయి. చిన్న ఊరి మీద రాసిన నవలకి అంతకన్నా తగిన పక్షి ఉండదు.

2006లో పుస్తకం వచ్చింది. అదే ఏడు బ్రిటన్ నేరసాహిత్య రచయితల సంఘం ఇచ్చే ఉత్తమ నవల బహుమతి, అప్పటి పేరు డంకన్ లారీ డాగర్, దీనికి వచ్చింది. 20 వేల పౌండ్లు. ఇరవై ఏళ్ళు ఎవరూ పట్టించుకోని రచయిత్రి రాత్రికి రాత్రే అందరికీ తెలిసిపోయింది. 2017లో అదే సంఘం జీవితకాల కృషికి ఇచ్చే డైమండ్ డాగర్ కూడా ఇచ్చింది.

కథ

కొత్త సంవత్సరం, అర్ధరాత్రి దాటింది. కొండవాలు మీద ఒంటరిగా ఉన్న ఇంట్లో మాగ్నస్ టెయిట్ అనే ముసలాయన కూర్చుని ఉంటాడు. ఆ రాత్రి ఇల్లిల్లూ తిరిగి శుభాకాంక్షలు చెప్పుకోవడం అక్కడి ఆచారం. ఎవరైనా వస్తారేమోనని సీసా, కేకు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఆ తలుపు ఎవరూ తట్టలేదు. ఆయనకి తోడు, దెబ్బతగిలితే తెచ్చి బాగుచేస్తున్న ఒక రేవెన్ పక్షి మాత్రమే, పంజరంలో. మాగ్నస్ కాస్త మందబుద్ధి. నవ్వకూడని చోట నవ్వుతాడు. మనిషిని చూస్తే ఏం చేయాలో తెలియక వచ్చే నవ్వు అది. చూసేవాళ్ళకి మాత్రం వెన్నులో చలి పుడుతుంది.

ఆ రాత్రి తలుపు తట్టిన చప్పుడైంది. లెర్విక్‌లో పార్టీ నుంచి కాస్త తాగి ఇంటికొస్తున్న ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు, శాలీ, కేథరిన్, పందెం వేసుకున్నట్టు లోపలికి వచ్చారు. నాలుగైదు రోజుల తరువాత కేథరిన్ శవం ఆ ఇంటికి దగ్గర్లోనే మంచు మీద పడి ఉంటుంది. ఆమె మఫ్లరుతోనే గొంతు బిగించారు. చుట్టూ రేవెన్లు. మొదట చూసింది ఫ్రాన్ హంటర్ అనే చిత్రకారిణి, కూతురిని బడి దగ్గర దింపి వస్తూ.

ఊరు, పేరు రేవెన్స్‌విక్, కల్పితం. ఆ ఊరివాళ్ళకి మాత్రం ఈ కేసులో పరిశోధించాల్సింది ఏమీ లేదు. ఎనిమిదేళ్ళ క్రితం కత్రియోనా అనే పదకొండేళ్ళ పిల్ల ఇదే ఊళ్ళో కనపడకుండా పోయింది. చివరిసారి వెళ్ళింది మాగ్నస్ ఇంటి వైపే. అప్పుడు పోలీసులు ఆయన్ని పట్టుకెళ్ళి అడిగారు, శవం దొరకలేదు, సాక్ష్యం లేదు, వదిలేశారు. పోలీసులు వదిలేశారు గానీ ఊరు వదల్లేదు. ఇప్పుడు మళ్ళీ అదే ఇంటి దగ్గర ఇంకో అమ్మాయి. ఇంకేం కావాలి?

ఊరిచ్చిన తీర్పు

నా దృష్టిలో ఈ నవల కేథరిన్‌ని ఎవరు చంపారన్న దానికన్నా ఎక్కువగా ఈ ఎనిమిదేళ్ళ గురించే. మాగ్నస్‌ని ఎవరూ కొట్టలేదు, ఇంటి మీద రాళ్ళేయలేదు. పలకరించడం మానేశారు. పిల్లలకి ఆ ఇంటి వైపు వెళ్ళొద్దని చెప్పారు. కొట్లో సరుకు ఇస్తారు, కళ్ళలోకి చూడరు. స్కాట్లండు చట్టంలో పూర్వం నుంచీ మూడు తీర్పులు ఉండేవి: నేరం చేశాడు, చేయలేదు, ‘నిరూపణ కాలేదు’. ఆ మూడోదాంట్లో మనిషిని విడిచిపెట్టేస్తారు గానీ మచ్చ మాత్రం ఉండిపోతుంది. 2025లో స్కాట్లండు పార్లమెంటు ఈ మూడో తీర్పుని రద్దు చేస్తూ చట్టం చేసింది. మాగ్నస్ అసలు కోర్టు మెట్లే ఎక్కలేదు, అయినా ఊరు ఆయనకి ఆ మూడో తీర్పు ఇచ్చేసింది. దాని మీద అప్పీలు చేసుకోవడానికి పై కోర్టంటూ ఏదీ లేదు.

ఈ భాగం చదువుతున్నప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం మేముండే ఊళ్ళో (ఏ ఊరో చెప్పను) తెలుగు కుటుంబాలు ఇరవై దాకా ఉండేవి. ఒక ఉగాదికి చందాలు వసూలు చేస్తే లెక్కల్లో 340 పౌండ్లు తేడా వచ్చింది. డబ్బు చూసుకునే మిత్రుడిని ఎవరూ దొంగ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. సత్యనారాయణ వ్రతాలకి పిలుపులు తగ్గాయి, పిల్లల పుట్టినరోజులకి వాళ్ళ పిల్లలకి కార్డు రావడం మానేసింది. ఆ మరుసటేడు వాళ్ళు కెనడా వెళ్ళిపోయారు. తరువాత నేను ఇల్లు మారుతూ పాత ఫైళ్ళు సర్దుతుంటే హాలు అడ్వాన్సు కట్టిన రసీదు దొరికింది, సరిగ్గా 340 పౌండ్లు. దొరికింది నా ఫైల్లో. ఆ అడ్వాన్సు కట్టి వచ్చింది నేనే, రసీదు ఆయనకి ఇవ్వడం మరిచిపోయాను. కెనడాకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన “అవునా” అన్నారు. మా పిల్లలు ఏం చదువుతున్నారని అడిగారు. వాళ్ళావిడ ఫోన్లోకి రాలేదు.

ఇరవై కుటుంబాల మా ఊరే అలా ఉంటే, తరతరాలుగా ఒకే కయ్య చుట్టూ బతుకుతున్న ఊరి సంగతి వేరే చెప్పాలా? క్లీవ్స్ ఇందులో ఎవరినీ దుర్మార్గులుగా చూపించదు. మాగ్నస్‌ని దూరం పెట్టినవాళ్ళందరూ మంచివాళ్ళే, పిల్లలున్నవాళ్ళు, భయపడినవాళ్ళు. మరి మాగ్నస్ నిజంగానే చేశాడా లేదా అన్నది చివరిదాకా తేలనివ్వదు. మనకీ ఆయన మీద జాలి వేస్తూనే, ఆ ఇంట్లో ఏదో ఉందన్న అనుమానం పోదు. ఊరివాళ్ళని తప్పు పట్టే మనం కూడా ఓ వంద పేజీలకి ఊరివాళ్ళలాగే ఆలోచించడం మొదలుపెడతాం.

పెరెజ్ అనే పోలీసు

పరిశోధన చేసేది ఇన్‌స్పెక్టర్ జిమ్మీ పెరెజ్. షెట్లాండ్‌లో పెరెజ్ ఏమిటి అనుకుంటున్నారా? 1588లో స్పెయిన్ రాజు ఇంగ్లండు మీదికి పంపిన నౌకాదళంలో ‘ఎల్ గ్రాన్ గ్రిఫాన్’ అనే ఓడ ఫెయిర్ ఐల్ దగ్గర పగిలిపోయింది. అది చరిత్ర. దాదాపు 300 మంది ఆ చిన్న దీవి మీద వారాల తరబడి చిక్కుకుపోయారు. ఆ ఓడలో వచ్చిన ఒకడి వంశం తమదని పెరెజ్ ఇంట్లో చెప్పుకునే కథ, అది కల్పన. అందుకే అందరిలా తెల్లగా, రాగిజుట్టుతో కాకుండా నల్లజుట్టు, చామనఛాయ.

ఫెయిర్ ఐల్ పొడవు మూడు మైళ్ళు, జనం వందలో సగానికి కాస్త అటూ ఇటూ. స్వెట్టర్ల మీద కనిపించే ‘ఫెయిర్ ఐల్ డిజైన్’ ఆ దీవిదే. అక్కడ చిన్నబడి మాత్రమే ఉంది కనుక పిల్లలు పదకొండు, పన్నెండేళ్ళకే లెర్విక్ హాస్టలుకి రావాల్సిందే. హాస్టల్లో ఏడిపించిన పిల్లల నుంచి పెరెజ్‌ని కాపాడింది డంకన్ హంటర్ అనే స్నేహితుడు. ఆ డంకన్ ఇప్పుడు పలుకుబడి ఉన్న పెద్దమనిషి, ఫ్రాన్ మాజీ భర్త, పోలీసుగా పెరెజ్ ప్రశ్నలు వేయాల్సిన వాళ్ళలో ఒకడు! చిన్న చోట పోలీసు ఉద్యోగం అంటే ఇదే.

మన పాఠకులకి నచ్చే ముఖ్య సంగతి ఇంకోటి ఉంది. కేసు నడుస్తూండగానే వాళ్ళమ్మ దగ్గర నుంచి కబురు వస్తుంది: ఫెయిర్ ఐల్‌లో ఒక పొలం, ఇల్లు ఖాళీ అవుతున్నాయి, నువ్వు తిరిగి వచ్చేస్తావా అని. వెళ్ళాలా వద్దా? అక్కడ పుట్టినవాడు, అక్కడికి వెళ్తే మళ్ళీ సరిపోతాడా? ఊళ్ళో మిగిలిన జనం కోసం వెళ్ళడం తన బాధ్యతా? లెర్విక్ నుంచి ఫెయిర్ ఐల్ ఎంత దూరమో హైదరాబాదుకి ఇక్కడి నుంచి అంతే దూరం అనిపించింది నాకు. మన వారాంతపు విందుల్లో పాతికేళ్ళుగా నడుస్తున్న “వెనక్కి వెళ్ళిపోదామా” చర్చ అంతా ఈ నవలలో ఓ పది పేజీల్లో ఉంది, మన చర్చలకన్నా నిజాయితీగా.

బయటివాళ్ళకి షెట్లాండ్‌లో ఒక పేరు ఉంది, ‘సూత్‌మూదర్’. అంటే దక్షిణపు నోటినుంచి వచ్చినవాడు. దక్షిణం నుంచి వచ్చే ఓడ లెర్విక్ రేవులోకి దక్షిణపు ముఖద్వారం గుండా వస్తుంది కనుక ఆ పేరు. తిట్టు కాదు, అలాగని గౌరవమూ కాదు. చచ్చిపోయిన కేథరిన్, ఆమె తండ్రి సూత్‌మూదర్లే. కేథరిన్ వీడియో కెమెరా పట్టుకుని ఈ ఊళ్ళో మనుషులు అసలు ఎలా ఉంటారో సినిమా తీస్తూంటుంది. బయటినుంచి వచ్చినవాళ్ళకే లోపలివాళ్ళు చూడనివి కనిపిస్తాయి, అది ప్రమాదం కూడా.

దీవి నవలల పద్ధతి

దీవిని తాళం వేసిన గదిలా వాడుకోవడం పాత చిట్కాయే. 1939లో అగాథా క్రిస్టీ పదిమందిని ఒక దీవి మీద చేర్చి పడవ లేకుండా చేసి ఒక్కొక్కళ్ళనీ చంపించిన నవల అందరికీ తెలిసిందే. అయితే అది సమాజం కాదు, ఒకరికొకరు తెలియని అతిథుల గుంపు. క్లీవ్స్ దీవి అలా తెగిపోయి ఉండదు. విమానాలు వస్తాయి, పెద్ద కేసు కనుక ప్రధాన భూభాగంలోని ఇన్వర్నెస్ నుంచి రాయ్ టేలర్ అనే అధికారి దళంతో దిగుతాడు. (షెట్లాండ్ పోలీసులు అప్పట్లో ఇన్వర్నెస్ కేంద్రంగా ఉన్న నార్తర్న్ కాన్‌స్టాబ్యులరీ కిందే ఉండేవారు. 2013లో స్కాట్లండు పోలీసు దళాలన్నీ ఒకటయ్యాయి.) ఇక్కడ మనుషులని బంధించేది సముద్రం కాదు, పరిచయం. అందరికీ అందరి గురించి అన్నీ తెలుసు, చెప్పరు. క్లూ అంటే ఇక్కడ బూడిదా, వేలిముద్రా కాదు, ఒకావిడ ఎనిమిదేళ్ళుగా అనకుండా ఉంచుకున్న ఒక మాట.

ఈ కోవలో చెప్పుకోదగ్గ ఇంకో నవల పీటర్ మే రాసిన ‘ది బ్లాక్‌హౌస్’, స్కాట్లండు పడమటి దీవుల్లోని లూయిస్‌లో జరుగుతుంది. బ్రిటన్ ప్రచురణకర్తలు వద్దంటే ముందు 2009లో ఫ్రెంచిలో వచ్చి, హిట్టయ్యాక 2011లో ఇంగ్లీషులో వచ్చింది. ఏటా కొందరు మగవాళ్ళు నడిసముద్రంలో ఒక రాతిదిబ్బ మీదికి వెళ్ళి సముద్రపక్షి పిల్లలని వేటాడి తెచ్చే నిజమైన ఆచారం దానికి వెన్నెముక. రాత్రంతా కూర్చోబెట్టి చదివిస్తుంది. నాకు మాత్రం క్లీవ్స్ నెమ్మదే ఇష్టం.

‘రేవెన్ బ్లాక్’ ముగింపుకి వచ్చేసరికి అప్ హెలీ ఆ అనే అగ్నిపండుగ వస్తుంది. ప్రతి ఏడూ జనవరి చివరి మంగళవారం రాత్రి లెర్విక్‌లో వెయ్యికి దగ్గరగా కాగడాలు పట్టుకుని ఊరేగి, నెలల తరబడి చేతులతో కట్టిన వైకింగ్ ఓడని తగలబెట్టేస్తారు. నెల మధ్యలో మనకి భోగిమంటలు, నెలాఖరున వాళ్ళకి ఇది. తరువాత తెల్లవార్లూ హాళ్ళలో పాటలూ ఆటలూ, మర్నాడు ఊరంతా సెలవు. లెర్విక్ ఊరేగింపులో 2023 వరకు మగవాళ్ళకే చోటు ఉండేది, ఆ ఏటి నుంచి ఆడవాళ్ళనీ రానిస్తున్నారు. నవల 2006 నాటిది కనుక అందులో పాత పద్ధతే కనిపిస్తుంది. అంత జనంలో, ఆ మంటల వెలుగులో, ఒక చిన్నపిల్ల చెయ్యి జారిపోతుంది. ఆ పదిహేను పేజీలూ నేను నిలబడి చదివాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మాగ్నస్, ఫ్రాన్, శాలీ, పెరెజ్, ఈ నలుగురి కళ్ళతోనూ కథ మార్చి మార్చి చెప్పడం వల్ల మొదటి యాభై పేజీలు కాస్త తికమకగా ఉంటాయి. అసలు రహస్యం విడిపోయాక కారణం గబగబా చెప్పేసి ముగించేస్తుంది. నాకైతే వెనక్కి వెళ్ళి అంతకుముందు అధ్యాయాలు మళ్ళీ తిరగేస్తే గానీ నమ్మకం కుదరలేదు. తిరగేశాక మాత్రం, అరే, ఇది మొదటినుంచీ కళ్ళముందే ఉందే అనిపించింది. ఇన్వర్నెస్ అధికారి టేలర్ పాత్ర కూడా పెరెజ్‌కి ఎదురుగా పెట్టడానికే పెట్టినట్టుంది.

ఏది ఎప్పుడు చదవాలి, చూడాలి

షెట్లాండ్ నవలలు మొత్తం ఎనిమిది. మొదటి నాలుగూ ‘రేవెన్ బ్లాక్’ (2006), ‘వైట్ నైట్స్’ (2008), ‘రెడ్ బోన్స్’ (2009), ‘బ్లూ లైట్నింగ్’ (2010). ఇవి ఒక్కో ఋతువుకి ఒకటి. ‘వైట్ నైట్స్’ నడివేసవిలో, రాత్రి పూర్తిగా చీకటి పడని రోజుల్లో జరుగుతుంది. ‘బ్లూ లైట్నింగ్’ ఫెయిర్ ఐల్‌లోనే, పక్షి పరిశీలన కేంద్రంలో. క్లీవ్స్ పనిచేసిన కేంద్రం తాలూకు భవనం 2019లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తరువాతి నాలుగూ ‘డెడ్ వాటర్’ (2013), ‘థిన్ ఎయిర్’ (2014), ‘కోల్డ్ ఎర్త్’ (2016), ‘వైల్డ్ ఫైర్’ (2018). అక్కడితో ఆపేసింది. మంచిదే. నిజజీవితంలో హత్య అనేది ఎప్పుడో గానీ జరగని దీవులు అవి, 23 వేలమందిలో ఎంతమందిని చంపుతాం? 2025లో మాత్రం పెరెజ్‌ని మళ్ళీ తీసుకొచ్చింది, ఈసారి పక్కనున్న ఆర్క్‌నీ దీవుల్లో, ‘ది కిల్లింగ్ స్టోన్స్’ పేరుతో.

వరసలోనే చదవండి. నాలుగో పుస్తకంలో ఒక సంఘటన ముందుగా తెలిస్తే మొదటి మూడింటి రుచి పోతుంది. అదే కారణంగా టీవీ సీరియల్ ముందు చూడొద్దని నా సలహా. బీబీసీ ‘షెట్లాండ్’ 2013లో ‘రెడ్ బోన్స్’ కథతో మొదలైంది, ‘రేవెన్ బ్లాక్’ 2014లో రెండో సీజన్‌లో వచ్చింది. పెరెజ్‌గా డగ్లస్ హెన్షల్ వేశాడు. నల్లజుట్టు లేదు, స్పెయిన్ పోలికలు లేవు, అయినా ఆ నెమ్మది అచ్చం పెరెజే. మాగ్నస్ పాత్ర, ఇంటిపేరు మార్చి, బ్రయన్ కాక్స్ వేశాడు. ఆ ముసలాయన నవ్వు చూడటానికైనా ఆ రెండు ఎపిసోడ్లూ చూడాలి, నవల పూర్తి చేశాక. హెన్షల్ 2022లో మానేశాడు, 2023 నుంచి ఆష్లీ జెన్సెన్ వేరే పాత్రలో నడిపిస్తోంది. మొదటి రెండు సీజన్ల తరువాత కథలు దాదాపు టీవీ వాళ్ళ సొంతవే కనుక పుస్తకాలకి అడ్డు రావు.

ఇక్కడి చాలా పబ్లిక్ లైబ్రరీల్లో పుస్తకం దొరుకుతుంది, ఆడియో కూడా ఉంది. షెట్లాండ్ మాండలికం సంభాషణల్లో అక్కడక్కడ తగులుతుంది, ‘పీరీ’ అంటే చిన్నది, ‘వో’ అంటే లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఈ రెండూ తెలిస్తే మిగతావి సందర్భాన్ని బట్టి అవే అర్థమవుతాయి. వీలైతే డిసెంబరు సెలవుల్లో మొదలుపెట్టండి, మూడింటికే చీకటి పడే ఊళ్ళో ఉంటే మరీ మంచిది.